సెబూ జీపు మాటలు

పావగడ బజారులో నా కుట్టుమిషను ముందు కూర్చుని ఒక పెళ్లి జాకెట్టుకు చేతులు అతుకుతుండగా ఫోను వచ్చింది. మా తమ్ముడు నాగరాజు సెబూలో ఒక గోదాము కప్పు మీద సోలార్ ప్లేట్లు బిగిస్తూ కింద పడ్డాడు. ప్రాణం ఉంది. నడుము ఎముక విరిగింది, ఎడమకాలు కదలడం లేదు. ఫోను చేసినవాడు శ్రీనివాసులు, తమ్ముడితో కలిసి పనిచేసే అనంతపురం మనిషి. "ఆపరేషన్ చేసినారక్కా. ఇంట్లో నుంచి ఒకరు రావల్ల. ఈడ ఆస్పత్రిలో పక్కన మనిషి లేకుంటే జరగదు," అన్నాడు.

సెబూ ఫిలిప్పీన్స్ దేశంలో ఒక దీవి. నాగరాజు అంత దూరం పోవడానికి కారణం మా ఊరు రాయచెర్లే. మా చేలన్నీ సోలార్ పార్కుకు కౌలుకు పోయినప్పుడు ఊళ్లో వయసు పిల్లలంతా కమ్మీలు పాతే పనికి దినకూలికి వెళ్లారు. నాగరాజు చేతిలో పనితనం ఉంది. రెండేళ్లలో పదిమందికి పని చెప్పేవాడయ్యాడు. కాంట్రాక్టరు వెంట రాజస్థాన్ వెళ్లాడు, అక్కణ్నుంచి ఆ దీవికి వెళ్లాడు.

నేను రాయచెర్లు చేరేసరికి అతని భార్య రత్న చంటిపిల్లను ఒళ్లో వేసుకుని గడపలోనే కూర్చుని ఉంది. "వదినా, ఆయప్ప ఒక్కడే ఉండాడు ఆడ. నాకు పాస్‌పోర్టు లేదు. నువ్వు పోతే నేను పోయినట్టే," అంది. మా ఇళ్లలో పాస్‌పోర్టు ఉన్నది నాకొక్కదానికే. నాలుగేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసి వచ్చాను. నాలుగేళ్లూ ఆ ఇంటి గేటు ఒంటరిగా దాటింది లేదు. ఆ ఊరి బస్సులను వంటింటి కిటికీలోంచి చూడటమే. పరాయి దేశంలో ఉండటం తెలుసు గాని, తిరగడం తెలియదు. ఆ మాట రత్నకు చెప్పలేదు.

వీసా, టికెట్టు కాంట్రాక్టరు మనుషులు చూశారు. బయలుదేరిన రోజు ఉదయం ఆరు గంటలకు పావగడలో బెంగళూరు బస్సు ఎక్కాను. పెట్టెలో బట్టల కంటే రాగిపిండి, చెనిక్కాయల పొడి, అంటే వేరుశనగ పొడి, ఎక్కువ. నా పక్కన కూర్చున్నది బలసముద్రం అనే ఊరి అవ్వ ఒకామె. ఇంత పెద్ద పెట్టె యాడికని అడిగింది. చెప్పాను.

"సముద్రం దాటల్లనా?"

"దాటల్ల అవ్వా."

"వాళ్లకు తెలుగు రాదు కదా. కన్నడమన్నా వస్తాదా?"

రాదన్నాను. మధుగిరిలో బస్సు పది నిమిషాలు ఆగితే దిగి ఇడ్లీ తిన్నాను. కొరటగెరె దాటాక అవ్వ ఒడిలోంచి ఉడకబెట్టిన చెనిక్కాయలు తీసి నా చేతిలో పోసింది. పదకొండుకు బెంగళూరు. అక్కడ విమానాశ్రయం బస్సు వేరే ఎక్కాలి. నాలాగా పల్లె నుంచి వెళ్లేవాళ్లు రెండు గంటలు ఎక్కువే చేతిలో పెట్టుకోవడం మంచిది. ఆ బస్సుకు గంట పట్టింది, విమానాశ్రయంలో వరసలకు మరో గంటన్నర.

సింగపూరులో మరో విమానం మారి, మర్నాడు మధ్యాహ్నానికి సెబూలో దిగాను. శ్రీనివాసులు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. విమానాశ్రయం ఉన్నది ఇంకో చిన్న దీవి మీద. సముద్రం మీది వంతెన దాటి ఊళ్లోకి వచ్చాం. ఊరి దక్షిణాన తాలిసాయ్ అనే చోట నాగరాజు గది. ఒక మంచం, గ్యాసు పొయ్యి, కిటికీ బయట అరటిచెట్లు. నాకు ఆ గది అప్పగించి శ్రీనివాసులు దీవి ఉత్తరాన పని జరిగే చోటికి వెళ్లిపోవాలి. వెళ్లే ముందు ఒక్కసారి నన్ను ఆస్పత్రికి జీపులో తీసుకెళ్లి దారి చూపించాడు.

అక్కడ జీపు అంటే మన జీపు కాదు. రెండు బారల జీపును మూడు బారలకు సాగదీసినట్టు ఉంటుంది. ఎక్కడం వెనకనుంచి. లోపల రెండు పక్కలా పొడవాటి బెంచీలు, జనం మోకాళ్లు మోకాళ్లు తగిలేలా ఎదురెదురుగా కూర్చుంటారు. కండక్టరు లేడు. డబ్బులు పక్కమనిషి చేతిలో పెడితే వాళ్లు పక్కవాళ్లకు, అలా చేతులు మారుతూ డ్రైవరును చేరుతాయి. చిల్లర అదే దారిలో వెనక్కి వస్తుంది. స్టాపులంటూ పెద్దగా లేవు. దిగే చోటు వచ్చినప్పుడు మనమే అరిచి ఆపాలి.

తమ్ముడు నన్ను చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మగవాళ్ల వార్డు, పదహారు మంచాలు. పక్క మంచం మీద ఒక ముసలాయన, పక్షవాతం. ఆయన భార్య స్టూలు మీద కూర్చుని అట్టముక్కతో విసురుతోంది. నేను నాగరాజు తల నిమిరాను. "ఎందుకొచ్చినావక్కా ఇంత దూరం," అన్నాడు గోడతోనే.

మర్నాటి నుంచి నేనొక్కదాన్నే. పొద్దున లేచి సంగటి కలిపి, స్టీలు డబ్బాలో పెట్టుకుని ఏడున్నరకు జీపెక్కాను. రద్దీ లేకపోతే నలభై నిమిషాలు. ఆస్పత్రికి గుర్తుగా శ్రీనివాసులు చూపిన ఎర్రమేడ కనబడింది. ఆపమనాలి. జీపు ఆపడానికి అతను చెప్పిన మాట గుర్తుంది కూడా. నోరు తెరిచాను, గొంతు లేవలేదు. కువైట్‌లో గొంతెత్తితే తప్పు. ఆ అలవాటు ఇక్కడిదాకా వెంట వచ్చిందని అప్పుడే తెలిసింది. ఎర్రమేడ వెనక్కి వెళ్లిపోయింది. ఎవరో ఇద్దరు దిగిన చోట నేనూ దిగి ఎండలో వెనక్కి నడిచాను.

నాగరాజు నా కాళ్ల మీది దుమ్ము చూశాడు. "జీపు ఎక్కలేదా?"

"ఎక్కినాప్పా. దిగేదే చాతకాలేదు."

పడిపోయాక మొదటిసారి నవ్వాడట. ఆ సంగతి తర్వాత ఎప్పుడో చెప్పాడు. అప్పుడు మాత్రం ఇలా అన్నాడు. "అక్కా, ఈడ నోరు కట్టుకుంటే కుదరదు. నేను నేర్పిస్తా విను. దిగల్లంటే 'లుగార్ లాంగ్' అనల్ల. డ్రైవరుకు వినపడేట్లు."

అలా మంచం పక్కన నా బడి మొదలైంది. రోజుకు రెండు మూడు మాటలు. 'అసా' అంటే ఎక్కడికి. ఎక్కేటప్పుడు డ్రైవరు అడుగుతాడు, ఊరి పేరు చెప్తే చాలు. 'ప్లేతే' అంటే చార్జీ, 'పిలా' అంటే ఎంత. డబ్బులు పక్కవాళ్లకు ఇచ్చేటప్పుడు 'పలిహోగ్' అనాలి, దయచేసి అని. 'ఊసోగ్ లాంగ్' అంటే కొంచెం జరగండి. దూరమెంతో తెలియనప్పుడు 'లాయో పా?' అని అడగాలి, ఇంకా దూరమా అని. 'దువోల్ నా' అంటే దగ్గరికొచ్చేశాం. మగవాళ్లలో పెద్దవాళ్లను 'నోంగ్' అని, ఆడవాళ్లలో పెద్దవాళ్లను 'నాంగ్' అని పిలిస్తే మన అన్నా, అక్కా అన్నట్టు. ఇవి తెలిస్తే ఆ ఊళ్లో ఎక్కడికైనా పోవచ్చు. కృతజ్ఞత చెప్పే మాట 'సలామత్'. కువైట్‌లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆ ఇంటావిడ ఇదే మాట అనేది, త్వరగా కోలుకో అని. మాట ఒకటే, దేశం మారితే అర్థం మారింది.

"ఏదీ, గట్టిగా ఒకసారి అను," అనేవాడు నాగరాజు.

"లుగార్ లాంగ్," అనేదాన్ని మెల్లగా.

"జీపు ఇంగ సముద్రంలో ఆగుతాది అట్లంటే. గట్టిగా!"

ఒకరోజు వార్డంతా వినపడేలా అన్నాను. పక్క మంచం ముసలాయన మంచిగా ఉన్న కుడికాలు ఎత్తి, మంచం చివరి ఇనుప పట్టీని గట్టిగా తొక్కాడు. మేము ఆశ్చర్యపోయి చూశాం. ఆయన భార్య చీర కొంగు కాదు గాని మెడలోని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది. నాగరాజుకు ఆ భాష బాగానే వచ్చు, అడిగి చెప్పాడు. ఆయన పేరు తాసియో. బతుకంతా జీపు డ్రైవరు. ఆ మాట వినబడగానే కాలు బ్రేకు మీదికి పోవడం అలవాటట. నేను రోజూ వచ్చే దారిలోనే నడిపాడు. ఆమె పేరు లూసింగ్. పెళ్లయిన కొత్తలో ఆయన పక్కన ముందు సీట్లో కూర్చుని డబ్బులు తీసుకునేదట. ఇప్పుడు సంతలో అన్నం పొట్లాలు అమ్ముతుంది. కొబ్బరాకు అల్లి, అందులో బియ్యం పోసి ఉడకబెట్టిన పొట్లాలు అవి. ఒకటి కోసి నా చేతిలో పెట్టింది. నేను చెనిక్కాయల పొడి ఇచ్చాను. కారానికి ముక్కు ఎర్రబడినా రెండోసారి చేయి చాచింది.

ఆమె ఇల్లు నా గది దాటాక ఇంకా నాలుగైదు మైళ్లు. సాయంత్రం ఇద్దరం ఒకే జీపులో పోయేవాళ్లం. నాకు ఆమె భాష రాదు, ఆమెకు నా భాష రాదు. ఉన్నవల్లా ఆ జీపు మాటలే. వాటితోనే నడిచేది. నా చోటు వచ్చినప్పుడు నా బదులు ఆమే అరిచి ఆపేది. నేను దిగుతుంటే వెనకనుంచి 'అంపింగ్' అనేది. అదేందని తమ్ముణ్ని అడిగాను. "జాగ్రత్తగా పో అని అక్కా. దిగిపొయ్యే వాళ్లకు చెప్తారు." మన ఇళ్లలో ఆడపిల్లను పంపేటప్పుడు అంపకాలు అంటాం. అందుకేనేమో, ఆ ఒక్క మాట నాకు నేర్చుకోకుండానే వచ్చేసింది.

నాగరాజు సంగతి వేరు. నాతో మాట్లాడేవాడు, నవ్వేవాడు. కాని కూర్చోబెట్టి వ్యాయామం చేయించే నర్సు వస్తే కళ్లు మూసుకునేవాడు. డాక్టరు నాతో విడిగా చెప్పిన సంగతి ఇదీ: కర్ర పట్టుకుని నడుస్తాడు, ఎత్తులు ఎక్కే పని ఇక లేదు. కానీ నడవాలంటే ముందు కూర్చోవాలి. నేను బతిమాలాను, కోప్పడ్డాను. రత్నతో ఫోనులో చెప్పించాను. "కూచుని ఏం చేయల్ల? కప్పెక్కలేనోడు పడుకుంటే ఏంది, కూచుంటే ఏంది," అన్నాడు. రాత్రుళ్లు గదిలో నాకు ఆ మాటే వినిపించేది.

అలా ఉండగా ఒక ఉదయం నేను వార్డుకు వెళ్లేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది. దుప్పటి తీసేశారు. నాగరాజు చూపు పైకప్పు మీదే ఉంది.

"తెల్లారి పోయినాడక్కా. చేయి చాపి నా మంచం పట్టుకున్నాడు. నేను నర్సును పిలిచినా. ఆయప్ప చేయి పట్టుకుందామంటే నాకు అందలేదు. పక్కకు తిరగలేకపోతి."

లూసింగ్ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆయన చెప్పుల జత, విసనకర్రగా వాడిన అట్టముక్క. ఆమె కూతురు వచ్చి ఉంది. శవాన్ని మధ్యాహ్నం బండిలో తెస్తారని, తల్లి ముందే ఇంటికి పోయి చోటు సర్దాలని నాతో వార్డులోకి వచ్చి నాగరాజుకు చెప్పింది. అక్కడ చనిపోయినవాళ్లను కొన్ని రోజులు ఇంట్లోనే ఉంచి కూర్చుంటారు. తల్లి వెంట వెళ్లేవాళ్లు లేరు, ఆస్పత్రి కాగితాల పని వదిలి తాను రాలేనంది. తమ్ముడు నావైపు చూశాడు. "నువ్వు పో అక్కా. నాకేం కాదు ఈ పూట."

రోడ్డు దాటి జీపు ఆపాం. లోపల నిండా జనం. నేను ముందు ఎక్కి "ఊసోగ్ లాంగ్, పలిహోగ్" అన్నాను. ఇద్దరికి చోటు దొరికింది. చార్జీ ఇద్దరిదీ నేనే తీసి పక్కన స్కూలు టీచరమ్మలా ఉన్న ఆమె చేతిలో పెట్టాను. డబ్బులు చేతులు మారి ముందుకు వెళ్లాయి. డ్రైవరు చిల్లర ఇవ్వడానికి వెనక్కి తిరిగి లూసింగ్‌ను చూశాడు. గుర్తుపట్టాడు. ఏదో అడిగాడు. ఆమె ఒక్క మాట చెప్పింది. అతను టోపీ తీసి ముందు పెట్టుకున్నాడు. మోగుతున్న పాట ఆపేశాడు.

ఓదార్చాలి. మా ఊళ్లో అయితే పక్కన చేరి పేరు పెట్టి ఏడుస్తాం, ఆయన మంచితనం చెప్తాం, నీకు మేమున్నామంటాం. వాటిలో ఒక్క మాటా ఆ భాషలో నాకు లేదు. ఎంత అడగడానికి మాటుంది, జరగమనడానికి ఉంది, ఆపమనడానికి ఉంది. ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. కొబ్బరాకు అల్లీ అల్లీ కాయలు కాసిన చేయి అది.

ఎర్రమేడ దాటాం, సంత దాటాం. నేను దిగే చోటు కూడా దాటిపోయింది. ఆమె బయటికి చూస్తోంది. ఆ దారిలో ఆమె ముప్పై ఏళ్లకు పైగా తిరిగి ఉంటుంది, ఆయన పక్కన కూర్చుని కొన్నాళ్లు, మా అందరిలా వెనక కూర్చుని కొన్నాళ్లు. ఉన్నట్టుండి నావైపు తిరిగి, దారి తెలియని కొత్తమనిషి అడిగినట్టు అడిగింది.

"లాయో పా?"

నాకు ఆ దారి తెలియదు. ఆమె ఇల్లు ఏ సందులోనో కూడా తెలియదు. అయినా చెప్పాను.

"దువోల్ నా, నాంగ్. దువోల్ నా."

ఆమె నా భుజం మీద తల పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. ఎదురు బెంచీ మీది వాళ్లు తల దించుకున్నారు.

కొంతదూరం పోయాక ఒక సందు మొదట్లో ఆమె చేయి బిగుసుకుంది. నోరు తెరిచింది గాని గొంతు పెగల్లేదు. జీపు సందు దాటబోతోంది. నేను లేచి పై కమ్మీ పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి అరిచాను. "లుగార్ లాంగ్!"

జీపు ఆగింది. ఆమెను నెమ్మదిగా దించాను.

రేకుల ఇల్లు, ముందు రెండు పూలకుండీలు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు అప్పటికే ఊడ్చి, కుర్చీలు వేస్తున్నారు. ఆమెను వాళ్లకు అప్పగించాను. ఒకామె నాకు కాఫీ ఇచ్చింది. తాగి లేచాను. లూసింగ్ నన్ను రోడ్డుదాకా సాగనంపుతానని లేవబోతే వద్దన్నాను.

మధ్యాహ్నానికి ఆస్పత్రికి తిరిగొచ్చి జరిగింది జరిగినట్టు తమ్ముడికి చెప్పాను. అతను మొత్తం విన్నాడు. ఖాళీ మంచం మీద అప్పటికే ఎవరో కుర్రవాణ్ని తెచ్చి పడుకోబెట్టారు, కాలికి పెద్ద కట్టు. వాడు నీళ్లకోసం మూలుగుతున్నాడు.

"నర్సును పిలువక్కా," అన్నాడు నాగరాజు. "ఆ అబ్బికి కాదు, నాకు. కూచోబెట్టమని చెప్పు. ఈసారి చేయి చాపితే పక్క మంచం అందల్ల."

కూర్చోబెట్టినప్పుడు నొప్పికి అతని ముఖం బూడిద రంగుకు తిరిగింది. పళ్లు బిగించి కూర్చున్నాడు. తర్వాతి రోజు ఇంకాసేపు, ఆ తర్వాత మంచం పట్టుకుని నిలబడటం. నేను వచ్చి ఆరువారాలు కావస్తుండగా విమానం ఎక్కవచ్చని డాక్టరు చెప్పాడు. బయలుదేరే ముందు ఆదివారం లూసింగ్ ఇంటికి మరోసారి వెళ్లాను. ఆ రోజు ఆమె కొబ్బరాకు అల్లడం నాకు చూపించింది. నాకు రాలేదు. ఇద్దరం నవ్వాం.

రోగితో ప్రయాణం చేసేవాళ్లకు రెండు మాటలు. చక్రాల కుర్చీ కావాలని టికెట్టు తీసినప్పుడే చెప్పాలి, డాక్టరు ఉత్తరం చేతిసంచిలోనే ఉండాలి. సింగపూరులో మాకు అవి రెండూ పనికొచ్చాయి. బెంగళూరులో ఉదయం దిగి, మధ్య సీట్లు తీసేసిన వ్యాను మాట్లాడుకున్నాం. మధుగిరిలో భోజనానికి ఆగితే తమ్ముడు దిగనన్నాడు. అన్నం ఆకులో కట్టించి వ్యానులోనే తినిపించాను.

నేను కిటికీలోంచి చూస్తూ ఈ ప్రయాణమంతా తలుచుకున్నాను. సెబూ అందమైన దీవి అంటారు. సముద్రం వంతెన మీదనుంచే చూశాను, కొండలు దూరంనుంచే. ఆ ఊరు నాకు తెలిసిందల్లా ఒక దారి, ఒక వార్డు. అయినా ఆ ఊళ్లో నేను పరాయిదాన్ని కాననిపించింది. భాష మొత్తం రావాలని కాదు. పక్కన కూర్చున్న మనిషికి అవసరమైన ఒక్క మాట సమయానికి నోట్లోంచి వస్తే చాలు.

పావగడ దాటి రాయచెర్లు దారి పట్టాం. రోడ్డుకు రెండు పక్కలా సోలార్ ప్లేట్లు, కనుచూపు మేర. సాయంత్రం నాలుగు. ఇంకా మంచి ఎండగా ఉంది. నాగరాజు డ్రైవరు భుజం తట్టాడు.

"ఈడ పక్కన ఆపప్పా కొంచేపు."

వ్యాను ఆగింది. ఏమైందని అడిగాను.

"పొద్దు గుంకినాక పోదామక్కా. ఇప్పుడైతే అరుగుల మీద అందరూ ఉంటారు. నన్ను కుర్చీలో ఎత్తుకొని పోయేది ఊరంతా చూస్తారు."

కప్పుల మీద కోతిలా పాకే మనిషి. ఒప్పుకుందామనే అనిపించింది. కాని ఇవాళ చీకట్లో ఇంటికి పోతే, రేపు గడప దాటడు.

"చూడనీ నాగరాజా," అన్నాను. "దొంగతనం చేసి వస్తుండావా? పనిచేసి వస్తుండావు. వెలుతురులోనే పోదాం."

అతను ఆ ప్లేట్ల వైపు చూశాడు. తర్వాత డ్రైవరుకు తల ఊపాడు.

ఊళ్లోకి వచ్చేసరికి నిజంగానే అరుగులన్నీ నిండి ఉన్నాయి. నలుగురు కుర్చీని ఎత్తారు. నాగరాజు తల దించుకునే ఉన్నాడు. రత్న చంటిదాన్ని చంకనేసుకుని వాకిట్లోకి వచ్చి నిలబడిపోయింది. అప్పుడు ఎదురింటి తిప్పేస్వామి అరుగుమీదనుంచి లేచి, సెలవుకు ఊరొచ్చినవాణ్ని పలకరించినట్టు పలకరించాడు.

"ఏం నాగరాజా, మళ్ల ఎప్పుడు పోయేది?"

నాగరాజు తలెత్తాడు. అందరినీ చూశాడు, రత్నను చూశాడు.

"యాడికీ లేదన్నా," అన్నాడు. "ఇంగ ఈడే ఉంటా."

రత్న చంటిదాన్ని తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.